రెండుసార్లు రంగు వేసిన బంపరు

పోయిన నెల కుట్టుమిషను బెల్టు గురించి రాసి, ఈసారి నీళ్ల మోటారు సంగతి చెప్తానన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను. ఈ రెండు మూడు నెలలు మా ఇంట్లో నడిచింది మోటారు కథ కాదు, మా చిన్నోడి వ్యాను బంపరు కథ. మొన్న భివండి నుంచి మా బామ్మర్ది కూడా ఫోనులో అదే అడిగిండు. "బావా, గాడీ బంపరు బూడిద రంగుకు తిరిగింది. దుకానంల స్ప్రే డబ్బాలు అమ్ముతున్నరు గద, ఇంట్లనే కొట్టుకోవచ్చా?"

కొట్టుకోవచ్చు. కానీ నేను మొదటిసారి చేసినట్టు చేయొద్దు. రెండోసారి చేసినట్టు చేయాలి. రెండూ చెప్తాను.

మా షోలాపూర్‌లో కార్ఖానాల సంగతి మీకు తెలిసిందే. చిన్నోడు టవల్ సాంచాల మీద పదేండ్లు పనిచేసిండు. వారానికి నాలుగు రోజులే పని దొరికే కాలం వచ్చేసరికి సాంచాలు విడిచిపెట్టి, అప్పు తీసుకొని ఒక పాత ఎనిమిది సీట్ల వ్యాను కొన్నడు. పొద్దుగాల రైలు దిగే యాత్రికులను తుల్జాపూర్‌కు, అక్కల్‌కోట్‌కు, పండరికి తీసుకపోతడు. నెల హప్తా 6,200. ఇంజను మంచిదే. నల్ల ప్లాస్టిక్ బంపరు మాత్రం ఎండకు ఎండి ఎండి పొయ్యిలో బూడిద లెక్క అయింది. చెయ్యి పెడితే వేళ్లకు తెల్ల పొడి అంటేది.

ఆషాఢ ఏకాదశి పండరి సీజను దాటినంక ఒకరోజు వాడు ఇంటికి వచ్చి అన్నం ముందు కూచొని ముద్ద ముట్టలేదు. నాతో ఏమీ చెప్పలేదు, వాళ్ల అమ్మతో చెప్పిండు. స్టేషను దగ్గర కిరాయిలు కుదిర్చే మనిషి, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని వాడి వ్యాను చూపించి మల్ల వెనక ఉన్న గాడీలో ఎక్కించిండట. "బయట ఇట్లుంటే లోపల ఎట్లుంటదో అని పార్టీ భయపడుతది, ముందు ఆ మూతి సక్కగ చేయించు" అన్నడట.

గ్యారేజీలో ముందు బంపరు ఒక్కదానికి 2,200 అడిగిండ్రు. అది విని నేను, "ఎందుకు, నేను చేస్త" అన్నాను. నలభై ఏండ్లు రంగుల హౌదులో చేతులు ముంచినోణ్ణి. చద్దర్ల నూలుకు ఎర్రా, నీలం, ఆకుపచ్చా నా చేతి మీద ఎన్ని వేల చిలపలు ఎక్కాయో లెక్క లేదు. ఒక నల్ల బంపరుకు రంగు వేయలేనా అని పొగరు. ఉన్నమాట చెప్తున్నాను.

రెండు డబ్బాలు మ్యాట్ బ్లాక్ తెచ్చాను, ఒక్కోటి 260. శ్రావణ మాసం, మార్కండేయ రథం ఇంకా వారం ఉంది. ఆకాశం మబ్బు, సన్నని తుంపర. పండుగ నాటికి గాడీ తయారు కావాలని ఆత్రం. తడిగుడ్డతో బంపరు తుడిచాను. మరకలు కనపడ్డ చోట ఇంట్లో ఉన్న థిన్నరు పెట్టి రుద్దాను. ఎండనివ్వలేదు. పత్రా కింద నిలబడి కొట్టాను, ఒకే పోటు, మందంగా. కొట్టిన గంటకు అక్కడక్కడ పాలు ఒలికినట్టు తెల్లటి మసక లేచింది. కొన్ని చోట్ల రంగు గుండ్రంగా వెనక్కి జరిగి చిన్న చిన్న కండ్లు తెరుచుకున్నాయి. వాటి మీదనే మల్ల కొట్టాను. దూరం నుంచి చూస్తే కొత్త బంపరే. రథం నాడు చిన్నోడు దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగిండు.

గణపతి నిమజ్జనం అయినంక తుల్జాపూర్ కిరాయి పడింది. పార్కింగులో పెద్దలు దర్శనానికి పోయి వచ్చేలోపు ఒక పిల్లగాడు బంపరు మూల గోటితో గీరిండు. చింతపండు తొక్క ఊడినట్టు రంగు జానెడు పట్టీ లేచి వచ్చింది. వాడికి అదొక ఆట అయింది, ఇంకో పట్టీ లాగిండు. పార్టీ తిరిగి వచ్చేసరికి ముందు భాగం సగం నలుపు, సగం బూడిద. వాళ్లు నవ్విండ్రట. కోపం చేసినా బాగుండు అన్నడు చిన్నోడు.

ఆ రాత్రి ఆ పట్టీలు తెచ్చి గడప దగ్గర పెట్టిండు. ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు నాతో మాటల్లేవు. నేను కూడా ఏం మాట్లాడను? 520 రూపాయల డబ్బాలు పోయినందుకు గాదు. వాడు ఊరంతా నా తండ్రి వేసిండు అని చెప్పుకున్న రంగు అది.

అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఉంది. దాని ముందు రోజూ చాయ్ తాగుతాను గానీ ఎన్నడూ లోపలికి పోలేదు. ఈసారి జేబులో ఆ రంగు పట్టీ పెట్టుకొని పోయాను. అక్కడ పనిచేసే పిల్లగాడికి ముప్పై ఏండ్లు ఉంటాయేమో. పట్టీ తీసుకొని వెనక వైపు తిప్పి చూసిండు. వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నడు. "కాకా, రంగుది తప్పు లేదు. కింద నూనె ఉంది" అన్నడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ మాట నాది. రంగుల ఖాతాలోకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లగాడికీ నేను అదే చెప్పేవాణ్ణి. నూలులో మైనం, జిడ్డు ఉంటాయి. సోడా వేసి ఉడకబెట్టి అది పోగొట్టకుండా రంగులో ముంచితే, పైకి ఎక్కినట్టు కనపడుతుంది, మొదటి ఉతుకులో దిగిపోతుంది. చద్దరు మీద సాంచా నూనె చుక్క పడితే అక్కడ రంగు పట్టదు, మచ్చ అట్లనే ఉంటుంది. ఇది నేర్పిన మనిషిని, బంపరు దగ్గర మరిచిపోయాను.

నూనె ఎక్కడిదో తర్వాత తెలిసింది. బంపరు తెల్లబడ్డప్పుడల్లా చిన్నోడు దానికి డ్యాష్‌బోర్డు పాలిష్ రాసేవాడు. కొన్న కొత్తలో డీజిలు గుడ్డతో తుడిచేవాడు. చానామంది డ్రైవర్లు ఇట్లానే చేస్తారు. ఒక్క పూట నల్లగా మెరుస్తుంది, మల్ల దుమ్ము పట్టి ఇంకా పాడైతుంది. ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. దాని మీద రంగు పడితే వెనక్కి జరుగుతుంది. నేను చూసిన ఆ గుండ్రని కండ్లు అవే.

తెల్ల మసక సంగతి వేరే. అది వానాకాలపు తప్పు. డబ్బాలో రంగుతో పాటు తొందరగా ఆరిపోయే ద్రావకం ఉంటుంది. అది ఆరేటప్పుడు రంగు పొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉంటే మంచు పడ్డట్టు ఆ నీరు పొర మీద కూచుంటుంది. చల్లని చెంబు మీద చెమట పట్టినట్టు అనుకోండి. అందుకే ముసురు పట్టిన రోజు డబ్బా ముట్టొద్దు.

ఇంకొకటి ఆ పిల్లగాడు చూపించిండు. బంపరు లోపలి వైపు, గాడీ కిందికి వంగి చూస్తే, ప్లాస్టిక్ మీద అచ్చులో పోసిన అక్షరాలు ఉంటాయి. మా దాని మీద పీపీ అని ఉంది. అంటే పాలీప్రొపిలీన్. చానా బంపర్లు దీంతోనో, దీంట్లో రబ్బరు కలిపిన రకంతోనో చేస్తారు. ఈ ప్లాస్టిక్ మైనం వంటిది, మామూలు రంగు దీన్ని పట్టుకోదు. మనవాళ్లకు ఇది కొత్త సంగతి గాదు. కాటన్‌కు వేసే రంగు పాలిస్టర్ నూలుకు వేస్తే ఎక్కుతుందా? ఎక్కదు. దానికి వేరే రంగు, వేరే వేడి. అట్లనే ఈ ప్లాస్టిక్‌కు ముందు ప్లాస్టిక్ ప్రైమర్ అని ఒకటి కొట్టాలి. చూస్తే నీళ్ల లెక్క ఉంటుంది, ఏమీ కనపడదు, అందుకే మనం దాన్ని దండగ అనుకుంటాం. అది అటు ప్లాస్టిక్‌నూ ఇటు రంగునూ పట్టుకుంటుంది. ఇనుముకు వేసే ఎర్ర ప్రైమర్ దీనికి పనికిరాదు.

నవరాత్రులకు ఇంకా పన్నెండు రోజులు. షోలాపూర్‌లో వ్యాను నడిపే ఎవరినైనా అడగండి, తుల్జా భవాని నవరాత్రులంటే ఏడాది హప్తాల్లో సగం అక్కడే కట్టుకోవాలి. చిన్నోడి దగ్గరికి పోయి, "రెండు రోజులు గాడీ ఇయ్యి, ఈసారి ఊడితే గ్యారేజి పైసలు నా పెన్షన్ల నుంచి ఇస్త" అన్నాను. వాడు తాళం చెవి నా చేతికి ఇయ్యలేదు. కిటికీలో పెట్టి పోయిండు. అదే చాలనుకున్నాను.

మొదటి రోజంతా రంగు డబ్బా మూత తీయలేదు.

పొద్దుగాల పాత రంగు మొత్తం గీకేశాను. గట్టిగా పట్టుకొని ఉన్న చోట కూడా వదలలేదు. సగం ఊడే రంగు మీద కొత్త రంగు వేస్తే, పాతదానితో పాటే కొత్తదీ ఊడుతుంది. 320 నంబరు వాటర్ పేపర్ నీళ్లలో ముంచి రుద్దాను, తర్వాత 600. నంబరు పెరిగిన కొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. బంపరులో తోలు మీద గీతల వంటి సన్నని గరుకు ఉండే భాగాలు ఉంటాయి. అక్కడ కాగితం వేస్తే ఆ గీతలు అరిగిపోతాయి. అక్కడ గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు వాడాను. మా ఇంటామె కొత్త పీచు పోయిందని ఇప్పటికీ అంటుంది.

మాపటి దాకా కడుగుడే. బట్టల సబ్బు పొడి, గోరువెచ్చని నీళ్లు, మూడుసార్లు. మూలలు, నంబరు ప్లేటు వెనక, గ్రిల్లు కింద, ఎక్కడైతే చెయ్యి పోదో అక్కడనే పాలిష్ దాక్కుంటుంది. పాత బ్రష్షు పనికొస్తుంది. మేము నూలు ఉడికిందా లేదా చూడటానికి దాని మీద నీటి చుక్క వేసేవాళ్లం. చుక్క వెంటనే ఇంకితే సరే, నిలబడితే ఇంకా జిడ్డు ఉందని. బంపరు మీద కూడా నీళ్లు పోసి చూశాను. జిడ్డు ఉన్న చోట నీళ్లు ముత్యాల లెక్క గుండ్రంగా జారిపోతాయి. బాగా గరుకు పట్టి శుభ్రమైన చోట పొర లెక్క పరుచుకుంటాయి. ఎడమ మూల మూడుసార్లు కడిగినా ముత్యాలే. నాలుగోసారి కడిగాను.

థిన్నరు ముట్టలేదు. అది కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరిచి పాడు చేస్తుంది. పెట్రోలు అసలే వద్దు, అది జిడ్డు వదిలిపెడుతుంది, అంటుకుంటే ఇల్లు పోతుంది. మొబైలు రిపేరు దుకానాల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. తెల్ల గుడ్డ తడిపి దానితో ఒకే దిక్కుకు తుడవాలి. గుడ్డ మురికైతే మార్చాలి, అదే గుడ్డతో మల్ల తుడిస్తే జిడ్డును ఇటు నుంచి అటు పూసినట్టే. ఇది కూడా అంటుకునేదే, బీడీ దూరం. తుడిచినంక చేత్తో ముట్టొద్దు. మన చేతి చెమట చాలు.

రెండో రోజు ఎండ బాగా వచ్చింది. గాడీని నీడలో పెట్టించాను, ఎండలో కాలిన ప్లాస్టిక్ మీద రంగు పడీపడకముందే ఆరి గరుకవుతుంది. నంబరు ప్లేటు విప్పాను. లైట్లకు, గ్రిల్లుకు, పైన తెల్ల బాడీకి మాస్కింగ్ టేపు పెట్టి కాగితాలు కప్పాను. మన పత్రిక పాత సంచికలు గాదు, మరాఠీ పేపర్లు. అద్దం, టైరు కూడా కప్పాలి. రంగు పొగ మనం అనుకున్నదానికంటే చానా దూరం పోయి కూచుంటుంది. పక్కింటి వాళ్ల ఆరేసిన చీరలు ముందే తీయించాను.

డబ్బాలో గోళీ ఉంటుంది. అది గలగలమన్నప్పటి నుంచి రెండు నిమిషాలు ఊపాలి. మధ్య మధ్యలో కూడా ఊపాలి. ముందు ప్రైమరు పలుచగా ఒక పోటు. ఎంతసేపటికి రంగు వేయాలో ఆ డబ్బా మీద రాసి ఉంటుంది, నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి మనుమరాలితో చదివించుకున్నాను. ఒక్కో కంపెనీది ఒక్కో టైము, అందాజుగా చేయొద్దు.

రంగు కొట్టేటప్పుడు దూరం జానెడు. మన చేతి జానె దాదాపు తొమ్మిది అంగుళాలు, అది సరిపోతుంది. దగ్గరికి పోతే కారుతుంది, దూరం పోతే పొడి లెక్క పడుతుంది. మీట నొక్కుడు బంపరు అంచు బయట మొదలుపెట్టి, అవతలి అంచు దాటినంక విడవాలి. మధ్యలో ఆపితే అక్కడ ముద్ద అవుతుంది. ఒక చాలు వేసినంక రెండో చాలు సగం దాని మీద పడాలి. మొదటి పోటు కింద బూడిద కనపడేటంత పలుచగా ఉండాలి. చూస్తే మనసు ఒప్పదు, ఇంకొంచెం కొడదామనిపిస్తుంది. వద్దు. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మల్ల ఆగి మూడోది. మేము ముదురు రంగు ఒకే ముంపులో ఎక్కించేవాళ్లమా? అట్లనే ఇదీ.

రెండో పోటు సగంలో నాకు దగ్గు వచ్చింది. ముక్కుకు మాస్కు ఉంది గానీ అది మామూలు గుడ్డ మాస్కు, దుమ్మును ఆపుతుంది, రంగు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు డబ్బీలు ఉన్న వేరే మాస్కు ఉంటుంది. మా ఇంటామె వచ్చి డబ్బా గుంజుకుంది. అప్పుడే చిన్నోడు బయటికి వచ్చిండు. ఎప్పటి నుంచి గుమ్మంలో నిలబడి చూస్తున్నడో తెలియదు. "బాపు, నువ్వు చెప్పు, నేను కొడుత" అన్నడు. నాలుగు రోజులు కాదు, లెక్క చూస్తే పదిహేను రోజులైంది వాడు బాపు అని పిలిచి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మనలో కార్డింగులో, బ్లోరూములో పనిచేసి ఊపిరిలో దూది దుమ్ము నింపుకున్నవాళ్లు చానామంది ఉన్నారు. సోమవారం పనిలోకి పోతే ఛాతీ పట్టేసేది గుర్తుందా? అట్లాంటి వాళ్లు డబ్బా చేతికి తీసుకోకండి. దూరంగా కూచొని చెప్పండి, పిల్లలతో కొట్టించండి. ఒక్క గదిలో తలుపు మూసి ఎవరూ కొట్టొద్దు. డబ్బాలో ఉండే గ్యాసు అంటుకుంటుంది, దగ్గరలో పొయ్యి వెలగొద్దు. చలికాలంలో డబ్బా సరిగా కొట్టకపోతే కొందరు మరిగే నీళ్లలో పెడతారు. అది పేలుతుంది. 50 డిగ్రీలు దాటొద్దని డబ్బా మీదే ఉంటుంది.

అయిపోయినంక డబ్బాను తలకిందులు చేసి ఉత్త గాలి వచ్చేదాకా ఒకసారి కొడితే మూతి మూసుకుపోదు. ఆఖరి పోటు కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే టేపు మెల్లగా తీశాము. పూర్తిగా ఎండినంక లాగితే అంచు పెచ్చులు లేస్తుంది. ఒక రాత్రి, ఒక పగలు గాడీ ముట్టలేదు. రెండు వారాలు ప్రెషరు నీళ్లతో కడగొద్దని చెప్పాను.

నలుపు అంటే ఒకటే నలుపు అనుకునేవాళ్లకు ఒక మాట. ఎర్ర చాయ నలుపు ఉంది, నీలం చాయ నలుపు ఉంది, మెరిసేది ఉంది, మెరవనిది ఉంది. మెరిసే రంగు బంపరు మీద ప్రతి గీతనూ చూపిస్తుంది, మ్యాట్ అయితే దాస్తుంది. మూత రంగు నమ్మకుండా ఒక ముక్క మీద కొట్టి, ఆరినంక ట్యూబులైటు కింద గాదు, పగటి వెలుతురులో అద్దాల పక్క నల్ల ప్లాస్టిక్‌తో పోల్చి చూడండి. మేము షేడ్ ఎప్పుడూ వాకిట్లోకి తెచ్చే చూసేవాళ్లం.

బాడీ రంగే బంపరుకూ ఉన్న గాడీ అయితే పని ఇంకా పెద్దది. కంపెనీ పట్టీ మీద రంగు నంబరు ఉంటుంది, ఆ నంబరుతో డబ్బా కలిపి ఇస్తారు. దాని పైన క్లియర్ కోటు కూడా కొట్టాలి. అయినా ఎండలో పదేండ్లు తిరిగిన బాడీకీ కొత్త రంగుకూ తేడా కనపడుతుంది. తెల్లది ఎట్లనో సర్దుకుంటుంది. వెండి రంగు, మెరుపు కలిసిన రంగులు అయితే గ్యారేజీకే పొండి, అవి చెయ్యి తిరిగిన మనిషి పని. బంపరు చీలినా అంతే. ఆర్సీలో గాడీ రంగు రాసి ఉంటుంది కాబట్టి బాడీకి వేరే రంగు వేసి పాసింగ్‌లో ఇరుక్కోకండి. ఎనిమిదేండ్లు దాటిన టాక్సీకి ఏటా పాసింగ్ ఉంటుందని తెలుసు గదా.

ఖర్చు లెక్క. రంగు డబ్బాలు రెండు 520, ప్లాస్టిక్ ప్రైమరు 380, వాటర్ పేపర్లు 60, టేపు 40, ఆల్కహాల్ 120. మొత్తం 1,120. గ్యారేజి అడిగిన 2,200తో చూస్తే 1,080 మిగిలేది. మొదటిసారి పారబోసిన 520 తీసేస్తే మిగిలింది 560. గాడీ నిలబడ్డ రెండు రోజుల కిరాయి పోయింది గనక అసలు లెక్క నష్టమే. మా ఇంటామె దగ్గర ఈ పేరా చదవకండి.

నవరాత్రుల తొమ్మిది రోజులూ గాడీ తిరిగింది. కుడివైపు కింద ఒక చోట రంగు కారి చుక్క నిలబడింది. అది చిన్నోడు కొట్టిందా నేను కొట్టిందా అని ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తనే ఉంది. గోటితో గీరి చూశాను, రాలేదు. వాడు కూడా ఎవరూ చూడనప్పుడు గీరి చూస్తున్నడు, నాకు తెలుసు.

మొన్న ఆదివారం వాడు రెండు డబ్బాలు, ఒక ప్రైమరు తెచ్చి నా మంచం కింద పెట్టిండు. "వెనక బంపరు కూడా చూడు బాపు" అన్నడు. దానికి డ్యాష్‌బోర్డు పాలిష్ రాయడం మానేసి ఎన్ని రోజులైందిరా అని అడిగాను. నవ్విండు. ఈ ఆదివారం నుంచి కడుగుడు మొదలు.